మార్కుల పట్టికకు ముందు హాజరు పట్టిక

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక పాఠశాల డెబ్బది ఐదు సంవత్సరాలు నిలిచినదంటే, ఆ సభలో సహజంగా వినవచ్చే ప్రశ్న ఒకటున్నది. ఇక్కడ చదివినవారు ఏమయ్యారు? ఇంజనీర్లయినవారిని, ఉద్యోగులయినవారిని, వ్యాపారంలో నిలదొక్కుకున్నవారిని వేదికపైకి పిలిచి శాలువ కప్పుతారు. అది సముచితమే. అయితే ప్రతి బడీ వేసుకొనవలసిన రెండవ ప్రశ్న మరొకటున్నది. ఒకటవ తరగతి రిజిస్టరులో పేరు ఉండి, పదవ తరగతి జాబితాలో పేరు కనబడని పిల్లలు ఏమయ్యారు? జూబిలీ సభలకు వారు రారు. జ్ఞాపక సంచికలో వారి ఛాయాచిత్రాలు ఉండవు. ఈ ప్రసంగం ముఖ్యంగా వారిని గురించినది.

హోసూరు రోడ్డు వెంబడి, ఆనేకల్ తాలూకాలో ఉన్న బొమ్మసంద్ర పేరులోనే చెరువున్నది. సముద్రమనే మాట నుండి వచ్చిన 'సంద్ర' ఈ ప్రాంతపు ఊళ్ళ పేర్లలో చెరువును సూచిస్తుంది. ఆ పల్లె పక్కన పారిశ్రామికవాడ వెలసింది. ఔషధ కర్మాగారాలు, యంత్రపరికరాల కర్మాగారాలు, పెద్ద ఆసుపత్రులు వచ్చాయి. 2025 ఆగస్టులో మెట్రో రైలు పసుపు మార్గం ఇంతవరకు వచ్చి, బొమ్మసంద్ర ఆ మార్గానికి చివరి స్టేషను అయింది. ఈ అభివృద్ధి కనులకు కనబడేది. ఆ కర్మాగారాల వెనుక సందులలో, వరుసగా కట్టిన ఒంటి గది ఇళ్ళలో, నిర్మాణ స్థలాల ప్రక్కన రేకుల షెడ్లలో నివసించే కుటుంబాల జీవితం అంతగా కనబడనిది. వారిలో తరతరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగువారున్నారు. అనంతపురం, చిత్తూరు సీమల నుండి, పాలమూరు నుండి బ్రతుకుతెరువుకై వచ్చినవారూ ఉన్నారు.

అటువంటి ఒక ఇంటి దినచర్యను ఊహించడం కష్టం కాదు. తండ్రిది రాత్రి షిఫ్టు. తల్లి ఉదయాన్నే గార్మెంటు ఫ్యాక్టరీకో, ఇళ్ళలో పనికో బయలుదేరుతుంది. నీళ్ళ ట్యాంకరు వచ్చే వేళ, బడి గంట మ్రోగే వేళ ఒకటే. చిన్నవానికి జ్వరం వస్తే ఇంటి వద్ద ఆగేది తల్లి కాదు, నాలుగవ తరగతి చదివే అక్క. తల్లి ఒక దినం ఆగితే ఆ దినపు కూలి పోతుంది. అక్క ఒక దినం ఆగితే పోయేదేమిటో ఆ ఇంట ఎవరికీ వెంటనే కనబడదు. ఉగాదికి, ఊరి జాతరకు, వేరుశెనగ పెరికే రోజులకు కుటుంబమంతా స్వగ్రామానికి వెళుతుంది. మూడు దినాలనుకున్న ప్రయాణం మూడు వారాలవుతుంది.

కనబడని ఆ నష్టాన్ని ఒకసారి లెక్కవేసి చూడవలసి ఉన్నది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుండి ఐదవ తరగతి వరకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు జరగాలి. వారానికి ఆరు దినాల బడి అనుకుంటే అది సుమారు 33 వారాలు. ఒక బాలిక వారానికి ఒక్క దినం మాత్రమే మానితే ఏడాదికి 33 దినాలు పోతాయి. ఊరికి వెళ్ళిన మూడు వారాలలో మరి 15 బడిదినాలు పోతాయనుకుంటే మొత్తం 48. ఐదేళ్ళకు 240 దినాలు. అనగా ఒక పూర్తి విద్యాసంవత్సరం, దానిపై మరి 40 దినాలు. ఐదవ తరగతి పూర్తి చేసినట్లు రిజిస్టరు చెబుతున్న ఆ బాలిక నిజానికి నాలుగేళ్ళయినా బడిలో కూర్చుండలేదు. ఆమె ప్రక్కన కూర్చున్న, ఏనాడూ బడి మానని బాలికకు ఇచ్చిన ప్రశ్నపత్రమే ఆమెకూ ఇస్తారు. ఒకరికి ఎనభై మార్కులు, ఒకరికి ముప్ఫై వస్తాయి. ఆ రెండు అంకెలను చూచి మొదటి బాలికకు తెలివి ఉన్నదని, రెండవ బాలికకు లేదని ఇంట ఒకరు, బడిలో ఒకరు తీర్పు చెబుతారు. తీర్పు వినవలసినది పదేళ్ళ పిల్ల. విన్నదానిని ఆమె నమ్ముతుంది. బడి మానడానికి అసలు కారణం పేదరికమయినా, తిరిగి రాకపోవడానికి కారణం చాలాసార్లు ఈ నమ్మకమే అవుతుంది.

కాబట్టి ఈ సభ ముందుంచదలచిన మాట ఒక్కటే. మార్కుల పట్టికను చదవడానికి ముందు హాజరు పట్టికను చదవాలి.

ఇంటి పరిస్థితులు చదువును నిర్ణయిస్తాయన్నది కొత్త సంగతి కాదు. 1966లో అమెరికాలో సమాజశాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్ నాయకత్వాన ఆరు లక్షలకు పైగా విద్యార్థులను పరిశీలించి వెలువరించిన నివేదిక ఆ దేశాన్ని కలవరపరచింది. పాఠశాలల భవనాలు, సామగ్రిలో ఉన్న తేడాల కంటె పిల్లల కుటుంబ నేపథ్యమే వారి ఫలితాలను ఎక్కువగా ప్రభావితం చేస్తున్నదని ఆ నివేదిక తేల్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో మొదలై, మూడు వేల మంది పిల్లల జీవితాలను ఏళ్ళ తరబడి గమనించిన 'యంగ్ లైవ్స్' అధ్యయనం కూడా, పేద ఇళ్ళ పిల్లలకు, కలిగిన ఇళ్ళ పిల్లలకు మధ్య అంతరం ఒకటవ తరగతికి ముందే మొదలవుతుందని చూపింది. ఇది విని, బడి చేయగలిగినదేమీ లేదని చేతులు ముడుచుకొనడం సులభం. చరిత్ర అందుకు భిన్నమైన సాక్ష్యమిస్తున్నది.

1920లో మద్రాసు నగరపాలక సంస్థ అధ్యక్షులుగా ఉన్న పిట్టి త్యాగరాయ చెట్టి తెలుగు మాటలాడే దేవాంగ కుటుంబంలో పుట్టినవారు. థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ బడికి పేద పిల్లలు రాకపోవడానికి ఆకలి కారణమని గుర్తించి, ఒక్కొక్క పిల్లవానికి దినానికి ఒక అణాకు మించకుండా ఖర్చుచేసి మధ్యాహ్నం ఆహారం పెట్టే ఏర్పాటుకు ఆ సంస్థ తీర్మానించింది. తరువాత మరి నాలుగు బడులకు అది విస్తరించింది. 1922-23లో 811గా ఉన్న పిల్లల సంఖ్య 1924-25 నాటికి 1,671 అయింది. ప్రాథమిక విద్యానిధి నుండి ఆ ఖర్చు చేయరాదని ఆనాటి ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో 1925లో పథకం నిలిచిపోయింది. తల్లిదండ్రులు మారలేదు, పిల్లల తెలివి మారలేదు, ఊరి పేదరికమూ మారలేదు. మారినది మధ్యాహ్నపు అన్నం ఒక్కటే. దానితో బడి నిండింది.

ఆ పాఠాన్ని దేశం తిరిగి నేర్చుకొనడానికి చాలా కాలం పట్టింది. తమిళనాట కామరాజ్ 1956లో ఆ పథకానికి మళ్ళీ ప్రాణం పోశారు. 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు తరువాత వండిన భోజనం దేశమంతటా ప్రభుత్వ బడుల పిల్లలకు హక్కుగా అందనారంభించింది. కర్ణాటకలో 2002లో అక్షరదాసోహం మొదలైంది. 2013 ఆగస్టులో క్షీరభాగ్య పథకం వలన పాలు చేరాయి. 2024లో అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ తోడ్పాటుతో గ్రుడ్లు వారానికి ఆరు దినాలకు పెరిగాయి. వీటిని దానధర్మాలుగా చూడరాదు. పలక, పుస్తకం ఎటువంటి విద్యాసామగ్రియో భోజనమూ అటువంటిదే.

పేద తల్లిదండ్రులకు చదువు మీద శ్రద్ధ లేదన్న మాట ఉపాధ్యాయుల గదులలో తరచు వినబడేది. ఆ మాట ఎంతవరకు నిజమో తెలుగునాట పరీక్ష జరిగింది. మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట నెలకొన్న ఫౌండేషన్, ఆచార్య శాంతా సిన్హా నాయకత్వాన, 1991 నుండి రంగారెడ్డి జిల్లా గ్రామాలలో పనికి పోయే పిల్లలను బడికి తెచ్చే ఉద్యమం సాగించింది. బడిలో లేని ప్రతి పిల్లవాడూ బాల కార్మికుడేనన్నది ఆ సంస్థ సూత్రం. చదువు ఆగిపోయిన పిల్లలను శిబిరాలలో ఉంచి, కొన్ని మాసాలు వంతెన చదువు చెప్పి, వారి వయస్సుకు తగిన తరగతిలో చేర్చారు. ఈ కృషికి శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. ఆ గ్రామాలలో తేలిన సత్యమేమనగా, పేద తల్లిదండ్రులు బిడ్డ చదవాలనే కోరుకుంటారు. కాగితం అడిగినప్పుడు, ఆలస్యానికి కసరినప్పుడు, తరగతిలో బిడ్డను వెనుక వరుసకు నెట్టినప్పుడు వారు వెనుదిరుగుతారు. బడి గడప వారికి ఎత్తుగా తోచింది. ఆ గడపను తగ్గించగానే వారు దాటివచ్చారు.

చట్టం కూడా ఆ గడపను తగ్గించింది. అయితే ఆ సంగతి ఎరిగిన తల్లిదండ్రులు తక్కువ. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుండి పద్నాలుగేళ్ళ బిడ్డకు వయస్సుకు తగిన తరగతిలో చేరే హక్కున్నది. టి.సి. ఆలస్యమైనదనిగాని, వయస్సు ధ్రువపత్రం లేదనిగాని చేర్చుకొనడానికి నిరాకరించరాదు. కొట్టడం, మానసికంగా వేధించడం నిషిద్ధం. ఊరు మారిన కుటుంబానికి రేషను కూడా ఇప్పుడు అడ్డంకి కానవసరం లేదు. ఒకే దేశం–ఒకే రేషన్ కార్డు ఏర్పాటు వలన స్వగ్రామపు కార్డు మీద జాతీయ ఆహారభద్రత చట్టపు ధాన్యాన్ని ఇక్కడి దుకాణంలోనూ పొందవచ్చును. ఎనిమిదవ తరగతిలో జరిగే జాతీయ ఉపకారవేతన పరీక్షలో ఎంపికైతే, తొమ్మిది నుండి పన్నెండవ తరగతి వరకు ఏడాదికి 12,000 రూపాయలు లభిస్తాయి. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షలు మించని, ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలు దానికి అర్హులు. పదవ తరగతికి ముందే బడి మానే ప్రమాదమున్న పిల్లవానికి ఆ సొమ్ము చిన్నది కాదు.

ఇక బడి లోపలి సంగతి. పిల్లవాడు మూడు వారాల తరువాత తిరిగి వచ్చాడనుకుందాం. తరగతి ముందుకు సాగిపోయింది. తీసివేత జరుగుతుండగా వెళ్ళినవాడు వచ్చేసరికి భాగహారం నడుస్తున్నది. అర్థం కాని పాఠం ముందు కూర్చొనడం కంటె పనికి పోవడమే మేలనిపిస్తుంది. ఈ చిక్కుకు పరిష్కారం బెంగళూరుకు దూరం కాని తెలుగు పల్లెలలోనే పుట్టింది. మదనపల్లె సమీపంలోని రిషీవ్యాలీ విద్యాకేంద్రం 1980ల చివరి నుండి చుట్టుప్రక్కల పల్లెలలో చిన్న చిన్న బడులను నడిపింది. ఒకే గది, ఒకే ఉపాధ్యాయుడు, అన్ని తరగతుల పిల్లలు. పద్మనాభరావు, రమ దంపతులు అక్కడ పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విభజించి, వాటిని ఒక నిచ్చెన మెట్లుగా అమర్చారు. పిల్లవాడు ఏ మెట్టు మీద ఆగాడో తిరిగి వచ్చినప్పుడు ఆ మెట్టు మీదనే మొదలుపెడతాడు. తరగతి అతనిని విడిచిపోదు.

1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట తాలూకా నుండి కన్నడ ఉపాధ్యాయులు రిషీవ్యాలీకి వెళ్ళి చూచివచ్చారు. యూనిసెఫ్ సహకారంతో తమ బడులకు అనుగుణంగా కన్నడంలో కార్డులు తామే తయారుచేసుకున్నారు. దానికి 'నలికలి' అని పేరుపెట్టారు. ఆడుతూ నేర్చుకొనుట అని దాని భావం. 2009-10లో అది కర్ణాటక అంతటా ప్రభుత్వ బడుల ప్రారంభ తరగతులకు విస్తరించింది. తెలుగు పల్లెలో వెలిగిన దీపం నుండి కన్నడ ఉపాధ్యాయులు తమ దీపాలను వెలిగించుకున్నారు. బొమ్మసంద్ర వంటి చోట పనిచేసే తెలుగు ఉపాధ్యాయులు ఈ సంగతిని రెండు విధాల గుర్తుంచుకొనవలసి ఉన్నది. పేద పల్లె బడి నుండి కూడా ఒక రాష్ట్రానికి పాఠం అందవచ్చు. భాష భిన్నమైనంత మాత్రాన మంచి పద్ధతి పరాయిది కాదు.

వెనుకబడిన పిల్లలకు తోడ్పాటు ఏ విధంగా ఉండాలో చెప్పే మరొక అనుభవమున్నది. 2001-03 మధ్య ముంబయి, వడోదర నగరాల మునిసిపల్ బడులలో 'ప్రథమ్' సంస్థ 'బాలసఖి' అనే కార్యక్రమం నడిపింది. చదువులో వెనుకబడిన మూడు, నాలుగవ తరగతుల పిల్లలను ఆ వాడకే చెందిన ఒక యువతి దినానికి రెండు గంటలు వేరుగా కూర్చుండబెట్టి, వారికి తెలిసిన చోటి నుండి చదువు, లెక్కలు నేర్పేది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ప్రభృతులు దీని ఫలితాలను పరిశీలించారు. వారిద్దరూ 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ పురస్కారం అందుకున్నవారు. పిల్లల చదువు మెరుగుపడిందని, అందరి కంటె బలహీనులైనవారికే ఎక్కువ మేలు కలిగిందని తేలింది. సహాయం ఆగిన ఏడాది తరువాత చూస్తే ఆ లాభంలో చాలా భాగం తరిగిపోయిందని కూడా తేలింది. ఇందులో జూబిలీ సభలకు ఒక హెచ్చరిక ఉన్నది. ఒకసారి ఇచ్చి మరచిపోయే సహాయం పిల్లల చదువులో ఎక్కువ కాలం నిలువదు.

భాషను గురించి ఒక మాట. 2011 జనగణన ప్రకారం కర్ణాటకలో కన్నడం, ఉర్దూల తరువాత ఎక్కువమందికి మాతృభాష తెలుగే. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పించే ప్రయత్నం జరగాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం నిర్దేశిస్తున్నది. ఈ నేలపై బ్రతకవలసిన బిడ్డకు కన్నడం రావడమూ అంతే అవసరం. తెలుగు, కన్నడ లిపులు ఒకే మూలం నుండి చీలిన అక్కచెల్లెళ్ళు. తెలుగు చక్కగా చదువనేర్చిన పిల్లవానికి కన్నడ అక్షరాలు త్వరగా పట్టుబడతాయి. ఏ భాషలోనూ చదవడం రాకుండా మూడు భాషల పుస్తకాలు మోసే పిల్లవాని అవస్థ దయనీయం. గ్రామీణ భారతంలో ఐదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠం చదువగలవారు సగం కంటె కొంచెం తక్కువేనని 2024 'అసర్' నివేదిక తెలిపింది. ముందు ఒక భాషలో ధారాళంగా చదవడం రావాలి. ఆ తరువాత తక్కినవి దాని మీద నిలుస్తాయి.

అప్పుచేసి ప్రైవేటు బడికి పంపితే అన్నీ చక్కబడతాయన్న ఆశ చాలా ఇళ్ళలో ఉన్నది. 2008లో మొదలై నాలుగేళ్ళు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 180 గ్రామాలలో, లాటరీ పద్ధతిన ఎంపికైన పిల్లలకు ప్రైవేటు బడి ఫీజులు చెల్లించి కార్తీక్ మురళీధరన్ ప్రభృతులు ఫలితాలు పరిశీలించారు. నాలుగేళ్ళ తరువాత తెలుగులో, లెక్కలలో ఆ పిల్లలకు, ప్రభుత్వ బడి పిల్లలకు మధ్య చెప్పదగిన తేడా కనబడలేదు. హిందీలో మాత్రం ప్రైవేటు బడి పిల్లలు ముందున్నారు. తల్లిదండ్రుల ఎంపికను ఎవరూ తప్పుపట్టనవసరం లేదు. అయితే ఫీజు కట్టలేక ఏడాది మధ్యలో మానిపించి, మరొక బడికి మార్చితే, ఆ మధ్య పోయిన దినాలు మళ్ళీ హాజరు పట్టికలోనే కనబడతాయి.

పేదరికాన్ని జయించిన మహనీయుల కథలు పిల్లలకు చెప్పడం వాడుక. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పూర్వులు గిద్దలూరు సమీపంలోని మోక్షగుండం వారు. ఆయన ముద్దేనహళ్ళిలో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, బెంగళూరులో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకొంటూ సెంట్రల్ కళాశాలలో చదివి 1881లో పట్టభద్రులయ్యారు. ఈ కథను స్వయంకృషికి నిదర్శనంగా చెబుతారు. అది నిజమే. దానితోపాటు మరి కొన్ని సంగతులూ నిజమే. బెంగళూరులో మేనమామ అండ ఉన్నది. ట్యూషను ఇచ్చి ఆదరించిన ఇల్లు ఒకటున్నది. పూనాలో ఇంజనీరింగు చదువుకు మైసూరు ప్రభుత్వం సహాయమందించింది. ఆ సహాయాలలో ఏ ఒక్కటి లేకున్నా ఆయన ప్రతిభ ఏ మెట్టు మీద ఆగిపోయి ఉండేదో చెప్పలేము. ఆయన మైసూరు దివానుగా ఉండగా 1913లో నిర్బంధ ప్రాథమిక విద్యకు శాసనం వచ్చింది. అందిన సహాయాన్ని ఆయన మరచిపోలేదనడానికి అదే గురుతు.

ఈ సభకు వచ్చినవారిలో ప్రతి ఒక్కరూ చేయదగిన పని ఒకటున్నది.

తల్లిదండ్రులారా, ఊరికి వెళ్ళవలసి వస్తే బడికి చెప్పి వెళ్ళండి, తిరిగి వచ్చిన మరునాడే బిడ్డను పంపండి. చిన్నబిడ్డను చూసుకొనడానికి పెద్దపిల్లను ఆపవలసి వస్తే ఆ కష్టాన్ని దాచక బడిలో చెప్పండి. ఆ చిన్నబిడ్డకు అంగన్‌వాడీ ఉన్నది. అక్కకు బడి ఉన్నది.

ఉపాధ్యాయులారా, వరుసగా మూడు దినాలు రాని పిల్లవాని ఇంటికి నాలుగవ దినం ఎవరైనా వెళ్ళిరావాలి. తిరిగి వచ్చినవానిని 'ఇన్నాళ్ళూ ఏమయ్యావు' అని నిలదీయడానికి ముందు 'వచ్చావా, మంచిది' అనవచ్చు. ఆ ఒక్క మాటకు బడ్జెట్టు అవసరం లేదు.

పూర్వ విద్యార్థులారా, ముఖద్వారాలు, శిలాఫలకాలు అందమైనవే. వాటి కంటె విలువైన కానుక, వారానికి రెండు గంటలు, ఏడాది పొడుగునా, చదవడం రాని నలుగురు పిల్లల ప్రక్కన కూర్చొనడం. సాయంకాలం దీపం వెలిగే ఒక గది ఉంటే చాలు. ఒంటి గది ఇంటిలో పుస్తకం తెరవడానికి చోటులేని పిల్లవానికి అది రెండవ ఇల్లవుతుంది.

డెబ్బది ఐదేళ్ళ పండుగలో ఉత్తీర్ణుల సంఖ్యను చదివి సంతోషించడం న్యాయమే. నూరేళ్ళ పండుగ నాటికి మరొక సంఖ్య కూడా చదవాలి. ఒకటవ తరగతిలో చేరి పదవ తరగతికి చేరకుండా మధ్యలో జారిపోయిన పిల్లలు ఎందరు? ఆ సంఖ్య ఏటేటా తగ్గుతూ, ఒకనాడు చదవడానికి ఏమీ మిగలకుండా పోవుగాక. ఈ బడికి అంతకు మించిన ఆశీస్సు లేదు.